ఒకటి కొడితే ఆగాలి

చలికాలంలో సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్లడం ఎలాగో నన్నడగండి, ఇరవై ఏడేళ్ల అనుభవంతో చెబుతాను. స్వెట్టరు లోపల ఛాతీ మీద ఒక న్యూస్‌పేపరు పరుచుకోవాలి, గాలి దూరదు. అరికాళ్లకి ఆవనూనె రాసుకుని మేజోళ్లు తొడుక్కోవాలి. మంకీ క్యాపుని చెవుల మీద నుంచి కాస్త పైకి మడవాలి, లేకపోతే వెనక వచ్చే బండి చప్పుడు వినపడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు జేబులో పొడిగుడ్డ పెట్టుకోవాలి. తడిసిన బ్రేకుని నమ్మకూడదు. ఇవన్నీ నాకు వచ్చు. భయపడకుండా తొక్కడం మాత్రం నాకు రాదు.

నా పేరు రాఘవ. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుని. మా తాత విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడు, ఆ తరవాత మా నాన్న, ఆ తరవాత నేను. ఇల్లు ఝపటాపూర్‌లో. అక్కడి నుంచి వర్క్‌షాపు గేటుకి సైకిలు మీద ఇరవై ఐదు నిమిషాలు. మొదటి సైరను ఆరూ నలభై ఐదుకి, రెండోది ఏడింటికి. రెండోది మోగేలోపు గేటు దాటకపోతే లేటు రాస్తారు. నెలలో మూడు లేట్లయితే సగం రోజు సెలవు కోసేస్తారు. ఈ మూడు లేట్ల సంగతి గుర్తు పెట్టుకోండి, దీని వల్లే నేను ఇలా తయారయ్యాను.

పోయిన జనవరి నుంచి మొన్న నవంబరు దాకా నేను సైకిలు ముట్టలేదు. వరండాలో గోడకి ఆనించి పాత దుప్పటి కప్పేశాను. టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, వెళ్లొచ్చేవాణ్ణి. ఎందుకని అడిగినవాళ్లకి మోకాలి నొప్పి అని చెప్పాను. మా ఆవిడ వాసంతి దాన్ని నిజమే అనుకుని పడుకునే ముందు రోజూ మోకాలికి మందు రాసేది. ఏ నొప్పీ లేని మోకాలికి పది నెలలు మందు రాయించుకున్న మగాణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అసలు సంగతి గిరిబాబుది.

గిరిబాబు నా స్నేహితుడు. పక్క సందులో ఇల్లు, వర్క్‌షాపులో ఒకే షెడ్డు, ఒకే ఏడాది ఉద్యోగాలు. చలికాలం పొద్దున్న ఈ ఊళ్లో పొగమంచు ఎలా పడుతుందో చూసినవాళ్లకే తెలుసు. చెయ్యి చాపితే వేళ్లు కనిపిస్తాయి, వాటికి అవతల ఇంకేం లేదు. అందుకని ఇద్దరం ఒకరి వెనక ఒకరం వెళ్లేవాళ్లం. హ్యాండిలుకి టార్చి కట్టుకుని నేను ముందు, క్యారియరుకి ఎర్రలైటు కట్టుకుని వాడు వెనక. వాళ్ల నాన్న లోకల్ రైళ్లలో గార్డుగా చేసిన మనిషి. గార్డు రైలుకి ఆ చివర ఉంటాడు, డ్రైవరు ఈ చివర ఉంటాడు, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. బెల్లుతోనే మాట్లాడుకుంటారు. గిరిబాబు ఆ పద్ధతిని మా సైకిళ్లకి తగిలించాడు. రెండు కొడితే అంతా బాగుంది, పోనీ అని. ఒకటి కొడితే ఆగు అని. ప్రతి మలుపులోనూ నేను రెండు కొట్టాలి, వాడు వెనక నుంచి రెండు కొట్టాలి.

"ఒకటి కొడితే ఆగాల. ఎందుకని అడక్కూడదురా. ముందు ఆగాల, తరవాత అడగాల. అదీ రైల్వే అంటే" అనేవాడు, ఏదో జనరల్ మేనేజరు లాగా.

వాడిది పాతకాలం ఇత్తడి బెల్లు. గిన్నె ఒక పక్క చిట్లి ఉండేది. అందరి బెల్లూ ట్రింగుమంటే అది ఠంగుమని మొద్దుగా మోగేది. వంద సైకిళ్లలో ఉన్నా అది గిరిబాబుదే అని చెప్పేయొచ్చు.

ఒక్కటే చిక్కు. వాడు ఒకటి కొట్టని రోజంటూ లేదు. మఫ్లరు జారితే ఒకటి. ముక్కు చీదుకోవాలంటే ఒకటి. రోడ్డు పక్కన ఎవడైనా ఖర్జూరపు రసం కుండలతో కనపడితే ఒకటి. అన్నిటికన్నా ఎక్కువగా బీడీకి. పొగమంచులో బీడీ కాలిస్తే ఆ రుచే వేరని వాడి సిద్ధాంతం. నేను ఆగి, తిట్టి, వాడు బీడీ ముట్టించుకునేదాకా చేతులు నలుపుకుంటూ నిలబడేవాణ్ణి. ఇరవై ఆరేళ్లు అలాగే తిట్టుకుంటూ ఆగాను.

పోయిన జనవరి రెండో వారంలో, ఆ నెలకి నాకు అప్పటికే రెండు లేట్లు పడ్డాయి. రెండూ వాడి బీడీల పుణ్యమే. ఆ పొద్దున్న బయల్దేరేటప్పుడే గట్టిగా చెప్పాను. "ఇవాళ నువ్వు ఒకటి కాదు, వంద కొట్టినా నాను ఆగను." వాడు నవ్వాడు. పొగమంచు చాలా దట్టంగా ఉంది. పాత క్వార్టర్ల వెనక రోడ్డులో చిన్న కల్వర్టు ఉంటుంది. అది దాటగానే వెనక నుంచి ఏదో వ్యాను నన్ను రాసుకుంటూ పోయింది. లైట్లు కూడా సరిగా లేవు. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్టు పూర్తి కాకముందే వెనక బెల్లు మోగింది.

ఒకటి.

నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. పెడలు మీద కాలు ఒక్క క్షణం ఆగింది కూడా. అప్పుడే మొదటి సైరను ఎత్తుకుంది. బీడీ అనుకున్నాను. కాల్చుకుని వాడే వస్తాడులే అనుకున్నాను. తొక్కుకుంటూ వెళ్లిపోయాను. రెండో సైరనుకి మూడు నిమిషాల ముందే గేటు దాటి, మూడో లేటు తప్పించుకున్నానని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

గిరిబాబు కల్వర్టు పక్క గోతిలో ముప్పావు గంట పడి ఉన్నాడు. ఆ మంచులో దారిన పోయే ఎవరికీ కనిపించలేదు. పాలు పోసే ఆయన చూసి నలుగుర్ని పిలిచాడు. ఆస్పత్రికి తీసుకెళ్తూంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ వ్యాను ఎవరిదో ఇంతవరకూ తెలియలేదు.

అందరూ నన్నే అడిగారు. ముందు నువ్వే కదా ఉన్నావు, ఏమీ వినపడలేదా అని. లేదు అన్నాను. పోలీసులకీ అదే చెప్పాను, వాసంతికీ అదే చెప్పాను. గిరిబాబు పెళ్లాం చంద్రావతి అంత ఏడుపులోనూ నన్నే ఓదార్చింది. "మీకు ఇనపడుంటే ఆగకుండా ఉంటారేటన్నయ్యా" అంది. నేను తలొంచుకున్నాను. దుఃఖంతో అనుకున్నారు అందరూ.

నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం మా వరండా ముందు ఎవరో సైకిలు స్టాండు వేశారు. చూస్తే పూజ. గిరిబాబు కూతురు. ఇరవై రెండేళ్ల పిల్ల. తండ్రి పోయిన కోటాలో వర్క్‌షాపులోనే హెల్పరు ఉద్యోగం వచ్చిందని, మర్నాడే జాయినింగని మాకు తెలుసు. ఆమె తొక్కుకొచ్చింది గిరిబాబు సైకిలు. వంకరపోయిన చక్రం మార్పించి, ఫ్రేముకి నల్లరంగు వేయించింది. హ్యాండిలు మీద ఆ ఇత్తడి బెల్లు మాత్రం అలాగే ఉంది.

"మామయ్యా, రేపటి నుంచి నాకూ ఏడుగంటల డ్యూటీయే. మీతో వచ్చీస్తాను" అంది.

"టోటోలో ఎల్లమ్మా. నానూ టోటోలోనే ఎల్తన్నాను" అన్నాను.

"ఇంకో పదిరోజులు పోతే ఆరుంపావుకి టోటో ఎక్కడ దొరుకుతాదేటి? చలికి ఒక్కడూ రాడు. అయినా రైల్వే ఆస్పత్రి డాక్టరు దీదీని అడిగినాను, మోకాళ్లకి సైకిలు మంచిదంట."

లోపల నుంచి వాసంతి అందుకుంది. "నానూ అదే సెప్తన్నాను, నా మాట ఇనరు. పిల్ల ఒక్కత్తీ ఎలా ఎల్తాది? మీరు ముందుంటే చంద్రావతొదినకి దైర్యంగా ఉంటాది."

నేనేమో ఆ బెల్లు వైపే చూస్తున్నాను. "బెల్లు పాడైపోయింది కదమ్మా, కొత్తది ఏయించుకో" అన్నాను.

"ఏటి మామయ్యా, కొత్తదైతే మీకు గుర్తు దొరకదు కదా. ఇదైతే ఎంత మంచులోనైనా నానే అని తెలుస్తాది." ఆమె చేత్తో దాన్ని తుడిచింది. "ఒకటి ఆగడానికి, రెండు పోడానికి. నాన్న నాకు మూడో క్లాసులోనే నేర్పీసినాడు."

కాదనడానికి నాకు ఇంకేం మిగల్లేదు. దుప్పటి తీసి సైకిలు దులిపాను.

నవంబరంతా ఆకాశం తేటగానే ఉంది. చలి ఉంది కానీ రోడ్డు కనపడేది, ఎదురుగా వచ్చేవాళ్లు కనపడేవారు. అయినా మొదటి మలుపులో నేను రెండు కొట్టాక వెనక నుంచి ఠంగు, ఠంగుమని జవాబు వచ్చేసరికి నా వెన్నులో చలి పాకింది. ఆ చలికి న్యూస్‌పేపరు పనికిరాదు. వెనక ఉన్నది పూజ అని తెలుసు. ఆమె మాటలూ వినిపిస్తూనే ఉన్నాయి, షెడ్డులో ఎవరేమన్నారో, టీలో పంచదార ఎంత వేస్తారో వాగుతూనే ఉంటుంది. కానీ ఆ బెల్లు మోగినప్పుడల్లా నా తల వెనక్కి తిరగడానికి ఒప్పుకునేది కాదు. తిరిగితే అక్కడ ఎవరుంటారో అని చిన్నపిల్లాడి భయం. యాభై నాలుగేళ్ల మనిషికి ఇలాంటి భయం ఉందని ఎవరితో చెప్పుకోను?

ఇదొక్కటే భయమైతే ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. ఇంకోటి ఉంది. ఏదో ఒక రోజు ఆ బెల్లు ఒక్కసారే మోగుతుంది. అప్పుడు నేను ఆగుతానా? ఆగుతాను అని వెంటనే చెప్పలేకపోయాను. ఒకసారి ఆగనివాడు రెండోసారి ఆగుతాడని నమ్మకమేముంది. పిల్ల ప్రాణం నా రెండు కాళ్ల మీద ఉంది, ఆ కాళ్ల సంగతి నాకు తెలుసు.

డిసెంబరు వచ్చింది. పడుకునే ముందు కిటికీ తీసి వీధి దీపం వైపు చూడటం అలవాటైంది. దీపం చుట్టూ తెల్లగా గూడు కడితే పొద్దున్న మంచు అన్నమాట. వాన పడాలనో ఎండ కాయాలనో ఈ జన్మలో ఎప్పుడూ దేవుడికి దణ్ణం పెట్టినవాణ్ణి కాదు. మంచు పడకూడదని ఆ నెలంతా పెట్టాను. వాసంతి నా భక్తి చూసి మురిసిపోయింది.

ఒకరోజు మరీ దిగజారిపోయాను. దీపం చుట్టూ గూడు కట్టడం చూసి, పొద్దున్నే లేచి నా సైకిలు ముందు చక్రం గాలి నేనే తీసేశాను. పూజ వచ్చేసరికి పంచరైందని ముఖం వేలాడేసుకుని నిలబడ్డాను. ఆ పిల్ల తన సైకిలు రాడ్డుకి పంపు కట్టుకుని తిరుగుతుందని నాకేం తెలుసు? కూర్చుని టైరంతా వేళ్లతో తడిమింది, వాల్వు చూసింది.

"పంచరు లేదు మామయ్యా, గాలే దిగిపోయింది" అని, కొట్టడం మొదలుపెట్టింది. ఆ చలిలో నుదుటి మీద చెమట పట్టేదాకా కొట్టింది. నేను పక్కన నిలబడి చూశాను. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నీకు భయమెయ్యదేటి?" అని అడిగాను, ఉండబట్టలేక.

పంపు కొడుతూనే చెప్పింది. "ఎయ్యకేటి? కల్వర్టు వచ్చినప్పుడల్లా చెయ్యి బ్రేకు మీదే పెట్టుకుంటాను. పొద్దున్న లేచి ఇవాళ మానీద్దామనుకుంటాను. రోజూ అనుకుంటాను. అప్పుడు కాళ్లకి నూనె రాసుకుంటాను, అంతే. నూనె రాసుకున్నాక మళ్లీ పక్కలోకి ఎల్లలేం కదా, దుప్పటి పాడైపోతాది." నవ్వింది. "అయినా ముందు మీరున్నారు."

ఆ చివరి మాట అనకపోతే బాగుండేది.

ఆ వారంలోనే ఇంకా పెద్ద వేషం వేశాను. జ్వరమని చెప్పి ముసుగు తన్ని పడుకున్నాను. పూజ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఠీక్ హై మామయ్యా, మీరు పడుకోండి. నాను మెల్లగా ఎల్లిపోతాను" అంది. చప్పుడు విన్నాను. స్టాండు తీసిన చప్పుడు, గులకరాళ్ల మీద టైర్ల చప్పుడు. సందు చివర మలుపు తిరిగేటప్పుడు ఆమె అలవాటు కొద్దీ రెండు కొట్టింది. జవాబిచ్చేవాళ్లు లేరు. కాసేపు ఆగి, మళ్లీ రెండు కొట్టింది.

బయట మంచు గోడ కట్టినట్టు ఉంది. అందులో గిరిబాబు కూతురు ఒక్కత్తీ కల్వర్టు వైపు పోతోంది. నేను ఇక్కడ దుప్పటి కింద వెచ్చగా ఉన్నాను. లేచాను. పేపరు లేదు, నూనె లేదు, లుంగీ మీదే ప్యాంటు లాక్కుని సైకిలెక్కాను. వాసంతి వెనక నుంచి "జ్వరమని ఎక్కడికండీ?" అని అరుస్తూనే ఉంది. రెండు మలుపుల అవతల ఆమెని అందుకున్నాను. రొప్పుతూ ముందుకు వెళ్లి రెండు కొట్టాను. వెనక నుంచి గబగబా రెండు వచ్చాయి, ఆ పిల్ల నవ్వు కూడా వినపడింది. ఆ తరవాత నేను వేషాలు మానేశాను. భయం తగ్గిందని కాదు. ఒక్కత్తినీ పంపడం ఇంకా పెద్ద భయమని తెలిసింది, దాని కోసం రోజూ కాళ్లకి నూనె రాసుకున్నాను.

జనవరి వచ్చింది. గిరిబాబు సంవత్సరీకానికి మూడు రోజులుందనగా, ఒక బుధవారం, మంచు మళ్లీ ఆ రోజులాగే పడింది. ఇంటి గుమ్మంలో నిలబడితే మా గేటు కనపడలేదు. వాసంతి "ఇవాళ మానెయ్యండి, ఇద్దరూ మానెయ్యండి" అంది. పూజ అప్పటికే వచ్చి నిలబడి ఉంది, మంకీ క్యాపు మీద మఫ్లరు, మఫ్లరు మీద చున్నీ, వాటి మధ్య రెండు కళ్లు. ఆ నెలలో ఇద్దరికీ అప్పటికే రెండేసి లేట్లున్నాయి. ఆమెది కొత్త ఉద్యోగం, ఇంకా ఖాయం కాలేదు. మూడోది పడకూడదని ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు.

బయల్దేరాం. టార్చి వెలుతురు హ్యాండిలు ముందు రెండడుగులు పోయి ఆగిపోతోంది. రోడ్డు అంచున ఉన్న తెల్లగీత పట్టుకుని తొక్కాను. అది కూడా మధ్యమధ్య మాయమైపోతోంది. కళ్లజోడు మీద మంచు కారుతోంది, తుడుచుకోవడానికి ఒక చెయ్యి వదలాలంటే భయం. మొదటి మలుపు, రెండు, జవాబు రెండు. చెరువుగట్టు మలుపు, రెండు, జవాబు రెండు. మా సైకిళ్ల చైన్ల చప్పుడు తప్ప ఊళ్లో మనుషులే లేనట్టు ఉంది. పూజ కూడా ఆ రోజు మాట్లాడలేదు. పాత క్వార్టర్ల గోడ మొదలైంది. అంటే కల్వర్టు వస్తోంది.

కల్వర్టు మీద నేను రెండు కొట్టాను. వేలు జారి మూడోది కూడా సగం మోగింది. వెనక నుంచి సరిగ్గా రెండు వచ్చాయి. దాటేశాం అనుకున్నాను. అప్పుడు వెనక ఇంజను చప్పుడు వినపడింది. ఏదో బండి పసుపుపచ్చ మసక వెలుతురుతో మమ్మల్ని దాటుకుని పోయింది. దాని గాలికి నా సైకిలు ఊగింది. ఆ చప్పుడు మంచులో కలిసిపోయింది.

ఠంగ్.

ఒకటే.

నిజం చెప్పాలి. నా కాళ్లు వెంటనే ఆగలేదు. ఒక చుట్టు తొక్కాయి. అది పూజ కాదని, వాడేనని, ఏడాది నుంచి అక్కడే పడి కొడుతూ ఉన్నాడని అనిపించింది. పారిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే మొదటి సైరను ఎత్తుకుంది, ఆ రోజులాగే, అదే చోట. రెండో చుట్టు సగంలో ఉండగా రెండు బ్రేకులూ పట్టేశాను. చక్రం జారింది, పడబోయి కాలు ఆనించాను. సైకిలు వెనక్కి తిప్పాను.

"పూజా!"

జవాబు లేదు.

"అమ్మా, పూజా!" సైకిలు తోసుకుంటూ పరిగెత్తాను. టార్చి ముందు తెలుపు తప్ప ఏమీ లేదు. రోడ్డు ఎక్కడుందో, గొయ్యి ఎక్కడుందో తెలియలేదు. సైరను మోగుతూనే ఉంది, దాని కింద ఇంకే చప్పుడూ వినపడటం లేదు. దేవుడా, ఈ పిల్లని కాదు అని పైకే అన్నాను. అప్పుడు ఆమె క్యారియరు ఎర్రలైటు కనపడింది. ఉండాల్సిన ఎత్తులో లేదు, నేల దగ్గర ఉంది.

దగ్గరికి వెళ్లేసరికి సైకిలు పక్కకి పడి ఉంది. దాని పక్కన పూజ గొంతుక్కూర్చుని ఉంది. టార్చి పళ్లతో కరుచుకుని, రెండు చేతులతో చైను లాగుతోంది. నన్ను చూసి టార్చి చేతిలోకి తీసుకుంది.

"చున్నీ చైనులో పడిపోనాది మామయ్యా. కొంచెంలో తప్పింది, మెడకి బిగిసిపోను." అప్పుడు నా ముఖం చూసింది. "ఏటైంది? ఎందుకలా పరిగెట్టుకొచ్చినారు?"

"పిలిస్తే పలకవేటి?" అని అరిచాను. అంత గట్టిగా ఆమె మీద ఎప్పుడూ అరవలేదు.

"నోట్లో టార్చి ఉంటే ఎలా పలుకుతాను?" అంది మెల్లగా. "ఒకటి కొట్టినాను కదా. ఎలాగూ వచ్చీస్తారని తెలుసు."

నేను కూలబడి చున్నీ ఒక పక్క పట్టుకున్నాను. ఆమె పెడలు వెనక్కి తిప్పుతూ ఉంటే కొంచెం కొంచెంగా గుడ్డ బయటికి వచ్చింది. నన్ను తేలికపరచడానికే అనుకుంటాను, ఆమె నవ్వుతూ మాట్లాడింది.

"నాన్న అనీవోడు మామయ్యా. ఒకటి కొడితే మీ రాఘవ మామ వంద తిట్టుకుంటాడు గానీ, ఆగకుండా ఎల్లిపోయిన రోజు ఒక్కటీ లేదు అని."

రెండో సైరను మోగింది. పూజ తల ఎత్తి విని, "అయిపోనాది, లేటే" అంది.

నేను చున్నీ వదిలేశాను.

"ఒక రోజుంది" అన్నాను.

"ఏటి?"

"ఎల్లిపోయిన రోజు. ఒకటుందమ్మా." చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది. "ఆ రోజు మీ నాన్న ఒకటి కొట్టినాడు. నాకు ఇనపడింది. బీడీ కోసమనుకున్నాను. నాకు రెండు లేట్లున్నాయి. ఆగలేదు. అందరికీ ఇనపడలేదని సెప్పినాను, అబద్దం."

సైరను ఆగిపోయింది. పూజ చేతిలో చైను అలాగే ఉంది. టార్చి నేల మీద పడి ఉంది, దాని వెలుతురు ఆమె బూట్ల మీద పడుతోంది. ఆమె ముఖం నాకు కనపడలేదు. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

చైను వదలకుండానే అడిగింది. "ఎన్నిసార్లు కొట్టినాడు?"

"నాకు ఇనపడింది ఒక్కసారే. తరవాత... తరవాత నాను దూరం వచ్చీసినాను."

ఆమె తల ఊపింది. చైనుని పళ్ల మీదకి ఎక్కించి పెడలు ఒకసారి తిప్పి చూసింది. చేతులు గడ్డి మీద తుడుచుకుంది. చిరిగిన చున్నీని మడిచి క్యారియరు కింద పెట్టింది. ఇవన్నీ ఒకదాని తరవాత ఒకటి చాలా నెమ్మదిగా చేసింది.

"అమ్మకి తెలుసా?"

"లేదు."

"మీరే సెప్పాల" అంది. "నాను సెప్పను."

"సెప్తాను."

సైకిలెక్కింది. నా వైపు చూడలేదు. "నాను ముందెల్తాను" అని మాత్రం అని, మంచులోకి వెళ్లిపోయింది. ఎర్రలైటు రెండు క్షణాలు కనపడి ఆరిపోయినట్టు మాయమైంది.

నేను నా సైకిలు ఎక్కాను. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి వెనక ఉన్నాను. నా క్యారియరుకి లైటు లేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. వెనక నుంచి ఏ బండి వచ్చినా నేనొకణ్ణి ఉన్నానని దానికి తెలియదు. గిరిబాబు ఇన్నేళ్లూ కూర్చున్న చోటు ఇదన్నమాట. నా వీపంతా చెవులైపోయింది. ముందు ఆమె చైను చప్పుడు వినపడుతూ ఉంది, కొంచెం కొంచెంగా తగ్గుతోంది. గోడ చివర మలుపు వచ్చింది. అక్కడ ముందున్నవాళ్లు రెండు కొట్టాలి. ఆమె కొట్టలేదు.

నా మోకాళ్లు నిజంగానే పట్టు తప్పాయి. పెడలు కిందకి దిగడం లేదు. సైకిలు పక్కకి వాలుతుంటే ఎలాగో కాలు మోపి నిలబడ్డాను. ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాను? బెల్లు మీద బొటనవేలు పెట్టాను, తీసేశాను. మళ్లీ పెట్టాను.

ఒకటి కొట్టాను.

మంచులో ఆ చప్పుడు ఎంతో దూరం పోయినట్టు అనిపించలేదు. ఎదురుచూశాను. ఎంతసేపని చెప్పను, మూడు నాలుగు క్షణాలు అయి ఉంటుంది. గోతిలో పడి వాడు ఎంతసేపు చూశాడో, నా చైను చప్పుడు దూరమవుతూంటే ఏమనుకున్నాడో అప్పుడు నాకు అర్థమైంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఆగకపోయినా తప్పులేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ముందు చైను చప్పుడు ఆగిపోయింది. ఇసక మీద కాలు ఆనించిన చప్పుడైంది.

ఆమె వెనక్కి రాలేదు. బెల్లు కొట్టలేదు. ఆ తెలుపులో ఎక్కడో నా కోసం ఆగి నిలబడి ఉంది. నేను కళ్లు తుడుచుకుని, సైకిలు నడిపించుకుంటూ అటు నడిచాను.